చెంచమ్మ ఇంటి బొచ్చుపురుగులు

చెంచమ్మని ఒకామె ఉండేదంట, మనూరాంటి ఊళ్ళోనే అనుకో, కాలవ దాటినాక కడాకరి ఇల్లు ఆమెది. ఆకు దూస్తానే వినండి, చేతులు ఆపబాకండి. ఇంత మునగాకు నా ఒక్కదాని వల్ల అవుతాదా, అందుకే గదా మిమ్మల్ని పిలిచింది. మే వనజా, ఈనెలు ఆకుతోపాటు చేటలో పడేస్తా ఉండావు, రేపు పప్పులో గొంతుకి అడ్డం పడితే మీ ఆయన నిన్ననడు, నన్నంటాడు. ఆఁ, చెంచమ్మ. ఆమె మొగుడు పేరు పెంచలయ్య. ఆ పెంచలయ్య ఉండాడే, శానా మంచోడంట. ఎంత మంచోడంటే, మునగచెట్టు దొడ్లో నాటుకుంటారా ఎవురన్నా? ఆయన ఇంటి ముందర, వీధి గోడ పక్కనే నాటినాడంట. ఇంటి ముందర మునగ ఏంది పెంచలన్నా, వానలకి పురుగు పడతాది, మనుషులు తిరిగే చోటు అని ఎదురింటి రోశయ్య చెప్తే, పురుగొస్తే నేను చూసుకుంటాలేరా, కాయ దారినపొయ్యేవోళ్ళ చేతికి అందాల గదా అన్నాడంట. అట్టాంటి మనిషి. చెట్టు కూడా ఆయనట్టే కాసింది. మూరెడేసి కాయ, లోపలంతా కండ. పులుసులో వేస్తే నమలాల్సిన పనే లేదంట.

చెంచమ్మ అట్ట కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గదా, ఆ నోరే ఆమెకి లేదు. గోడ మీదికి ఎవురన్నా చెయ్యి చాపితే చాలు, మీ తాత నాటినాడా, మీ అవ్వ నీళ్ళు పోసిందా అని వీధి చివర దాకా వినపడేట్టు తిట్టేది. పెంచలయ్యనేమో ఎవురైనా నాలుగు మంచి మాటలు చెప్పి మునగచెట్టు ఎక్కిస్తే అయిపొయ్యా, కాయలు కోసి పైగుడ్డలో దాచిపెట్టుకొని, పెళ్ళాం చూడకుండా కాలవ గట్టు దాకా పొయ్యి ఇచ్చొచ్చేవోడంట. నవ్వతా ఉండారా? ఆమెకి తెలుసంట ఆ సంగతి. తెలిసీ తెలీనట్టు ఉండేది, ఆయన తిరిగొచ్చినాక మళ్ళా తిట్టేది. ముప్పై ఏళ్ళు అట్టానే గడిచింది. బిడ్డలు లేరు. పొద్దున్నే రోశయ్య, ఇంకా నలుగురూ వచ్చి ఆ ఇంటి తిన్నె మీద కూర్చుండేవోళ్ళు, ఆ మాటా ఈ మాటా మాట్లాడేవోళ్ళు. చెంచమ్మ లోపల్నించి గొణుక్కుంటానే వాళ్ళకి మజ్జిగ ఇచ్చేది. వాళ్ళు నా ఇంటికొస్తా ఉండారు అనుకునేది ఆమె. వాళ్ళొచ్చేది పెంచలయ్య కోసం.

ఆ సంగతి ఆమెకి ఎప్పుడు తెలిసిందంటే, పెంచలయ్యకి చలిజరం వచ్చి మూడునాళ్ళలో పొయ్యినాడు, అప్పుడు తెలిసింది. దినాలయ్యేదాకా జనం వచ్చినారు. దినాలైనాయి. ఆ మర్నాటి నించి ఒక్కరూ లేరు. మొదట్లో ఆమె, పోన్లే, మజ్జిగ మిగిలింది అనుకునిందంట, దాని నోరు అట్టాంటిది మరి. పది దినాలు గడిచినాయి. ఇరవై దినాలు గడిచినాయి. కూర చేస్తే ఉప్పు తక్కువైందని చెప్పేదానికి మనిషి లేడు. తిట్టేదానికన్నా ఒకడుండాల గదా, ఆ తిట్టించుకునేవోడు కూడా లేడు. వీధిలో పొయ్యేవోళ్ళు ఆమె కనపడితే తల దించుకొని గబగబా పోతా ఉండారు, యాడ నోరు చేసుకుంటాదోనని. ఆమేమో తలుపు కాడ నిలబడి, ఈ పొద్దన్నా ఎవురన్నా, ఏం చెంచమ్మా, తిన్నావా అంటారేమోనని చూస్తా ఉండాది. ఎవురూ అనలా. తనే ఒకరింటికి పొయ్యి కూర్చుందామంటే ఎవురింటికి పోవాల? ముప్పై ఏళ్ళు అందర్నీ తిట్టిండాది. పాపం అంటే పాపమే, చేసుకుండాది అంటే చేసుకుండాదే. రెండూ నిజమే. మాట్లాడబాక, ఊఁ కొట్టు.

ఆ ఏడు వానలు పడినాయి. వానలు పడినాక ఏమైందంటే, చెంచమ్మ మునగచెట్టుకి బొచ్చుపురుగు పట్టిందంట. మీరు చూసిండారు గదా, నల్లగా, ఒళ్ళంతా బొచ్చు, వేలంత పొడుగు. రాత్రుళ్ళు కొమ్మల్లోకి పొయ్యి ఆకు తింటాయి, ఎండెక్కినాక కిందికి దిగొచ్చి మానుని కరుచుకొని ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. మానుకి గొంగడి కప్పినట్టు ఉంటాది. నాలుగు దినాల్లో చెట్టు మీద ఆకన్నది లేదు, ఉత్త ఈనెలు. ఆకైపోతే పురుగు ఊరుకుంటాదా, గోడ దాటింది. రోశయ్య ఇంట్లో నీళ్ళ కుండ మీద, పక్కింట్లో ఆరేసిన చీరల్లో, యాడ చూస్తే ఆడ అదే. తగిలిన చోటల్లా దద్దుర్లు, దురద. అప్పుడు రోశయ్య వచ్చి గోడ అవతల నిలబడి, వదినా, ఏమనుకోబాక, నీ చెట్టు పురుగు మా ఇళ్ళల్లోకి వస్తా ఉండాది, కాల్చాల అన్నాడంట భయంభయంగా. ఆమె తిట్టలేదు. రాండి అనింది.

మధ్యాన్నానికి తొమ్మిది మంది వచ్చినారంట. పొడుగు కర్రలకి పాతగుడ్డలు చుట్టి, కిరసనాయిల్లో ముంచి దివిటీలు చేసినారు. మానుని అంటీ అంటనట్టు పైనించి కిందికి దివిటీ చూపించాల, బెరడు కాలకూడదు, పురుగు మాడాల. అదొక పనితనం. రోశయ్యకి తెలుసు. మొగోళ్ళు కాలస్తా ఉంటే పురుగులు చిటచిటా అని రాలి పడతా ఉండాయి, ఆడోళ్ళు చీపుర్లతో ఊడ్చి గుంటలో వేసి మన్ను కప్పతా ఉండారు. ఒకడి చొక్కాలో పురుగు దూరింది, వాడు ఎగిరి గంతులేస్తా ఉంటే అందరూ ఒకటే నవ్వడం. చెంచమ్మ కూడా నవ్విందంట. నవ్వినాక తనకే ఆశ్చర్యం వేసిందంట, ఓహో నాకింకా నవ్వొస్తాదే అని. పనైపొయ్యినాక మజ్జిగ ఇచ్చింది. వదినా, ఆకలేస్తా ఉండాదే అన్నాడు రోశయ్య. దోసెలపిండి ఉండాది కొంచెం, దాంట్లోనే ఇంత బియ్యప్పిండి కలిపి దోసెలు పోసింది, తొమ్మిది మంది తిన్నె మీద వరసగా కూర్చొని తిన్నారు. తింటా తింటా ఎవురో, పెంచలన్న ఉంటేనా అన్నారు. ఆ మాటకి చెంచమ్మ పెనం కాడ కూర్చొని ఏడ్చింది, మొగుడు పొయ్యినప్పుడు కూడా మనుషుల ముందర అట్ట ఏడవలేదంట. రోశయ్య పెళ్ళాం వచ్చి వీపు మీద చెయ్యేసింది. పొద్దు గూకింది, ఎవురిళ్ళకి వాళ్ళు పొయ్యినారు. చెంచమ్మ ఆ గ్లాసులు రెండు దినాలు కడగలేదంట. తిన్నె మీద ఎవురు తాగిన చోట వాళ్ళ గ్లాసు అట్టానే పెట్టి ఉంచింది.

తర్వాత? తర్వాత ఏముంది, మళ్ళా ఎవురూ రాలా. పురుగు లేదు గదా, ఎందుకొస్తారు. మొట్టికాయ వేస్తా వనజా, ఆ ఆకు కింద పోస్తా ఉండావు.

రెండో ఏడు వానలు పడినాయి. ఇక్కడ మీకొక సంగతి చెప్పాల. పెంచలయ్య ఉన్నన్నాళ్ళూ ఆ చెట్టుకి పురుగెందుకు పట్టలేదు? ఊరంతా ఏమనుకునేదంటే, పెంచలన్నది మంచి చెయ్యి, ఆయన చెట్టుకి పురుగు రాదు అని. రాకపోవడమేంది, మునగచెట్టుకి పురుగు రాకుండా ఉంటాదా? వస్తానే ఉండాది, ఆయన తీసేస్తానే ఉండాడు. వాన పడిన మూడోనాడు తెల్లారేసరికి నిచ్చెనేసుకొని ఎక్కి ఒక్కో రెమ్మా తిప్పి చూసేవోడంట. ఆకు అడుగున గసగసాలు అంటించినట్టు గుంపుగా గుడ్లుంటాయి. గోటితో గీకి ఆముదం గిన్నెలో వేసేవోడు. మాను చుట్టూతా బూడిద చల్లేవోడు. పొద్దుగూకేప్పుడు చెట్టు కింద వెడల్పు పళ్ళెంలో నీళ్ళుపోసి, దాని నడాన దీపం పెట్టేవోడు, గుడ్లు పెట్టే రెక్కలపురుగు దీపానికొచ్చి నీళ్ళల్లో పడి చస్తాది. ఆ పనంతా చెంచమ్మ ముప్పై ఏళ్ళు కింద నిలబడి నిచ్చెన పట్టుకొని చూసిందే. పోయినేడు మొగుడి దుఃఖంలో మర్చిపొయ్యింది. ఈ ఏడు మర్చిపోలా. మూడోనాడు తెల్లారక ముందే లేచింది, నిచ్చెనేసుకునింది, ఆముదం గిన్నె పట్టుకొని ఎక్కింది. రెమ్మ తిప్పితే గుడ్లు ఉండాయి. గోరు పెట్టబొయ్యింది.

పెట్టబొయ్యి ఆగిపొయ్యిందంట. దీన్ని గీకేస్తే పురుగు రాదు. పురుగు రాకపోతే రోశయ్య యాడొస్తాడు? రోశయ్య పెళ్ళాం యాడొస్తాది? ఆ తొమ్మిది మంది ఏ పని మీదొస్తారు? అట్ట రెమ్మ చేత్తో పట్టుకొని ఎంతసేపు ఉండిందో. తర్వాత రెమ్మ వొదిలేసి కిందికి దిగింది. ఆ ఆముదం తలకి రాసుకునిందంట.

అంతే ఇంక. ఆ ఏడూ పురుగొచ్చింది, జనమొచ్చినారు, దివిటీలు, నవ్వులు, దోసెలు. మూడో ఏడూ అంతే. నాలుగో ఏటికి ఏం చేసిందంటే, చెట్టు కింద దీపం పెట్టేది, నీళ్ళ పళ్ళెం మాత్రం పెట్టేది కాదు. అర్థమైందా? రెక్కలపురుగుని పిలస్తా ఉండాది. వాన చినుకు పడితే చాలు, ఊళ్ళో వాళ్ళు పొలంలో నీళ్ళ మడవలు చూసుకునేదానికి పోతారు, ఈమె మినపప్పు బాగుచేసుకునేది. పురుగులు కళ్ళు తెరిచినాక రోజూ పొయ్యి చూసి, తినండమ్మా, తొందరగా తిని లావెక్కండి, ఆదివారానికంతా మాను మీదికి దిగండి, మనుషులు ఖాళీగా ఉంటారు అని వాటితో మాట్లాడేదంట. ఏడాదికి ఒక్క దినం మే, ఒక్క దినం! ఆ ఒక్క దినం కోసం చెట్టుని మూడొందల అరవైనాలుగు దినాలు బోడిగా చేసుకునింది. కాయ లేదు, పువ్వు లేదు. మొగుడు బిడ్డలా పెంచిన చెట్టు. ఏడుపు రాదా ఆమెకి? వచ్చేది. అయినా అట్టానే చేసేది.

ఊళ్ళో వాళ్ళకి విసుగు పుట్టింది. ప్రతి ఏడూ ఈ చెట్టుకే ఎందుకింత పురుగు, కొట్టేస్తే పోలా అని మాట పుట్టింది. మా ఆయన నాటింది నాయనా అని చెంచమ్మ చేతులు పట్టుకునేది. పెంచలన్న పేరు చెప్పేసరికి అందరూ ఆ మాట వొదిలేసేవోళ్ళు. అయితే జనం తగ్గినారు. తొమ్మిదిమంది ఆరుగురైనారు, ఆరుగురు నలుగురైనారు. అయిదో ఏడు ఆమె బుద్ధి ఎట్ట పొయ్యిందంటే, కొంచెం పురుగుంటే నలుగురే వస్తారు, ఎక్కువుంటే వీధంతా వస్తాది గదా అని. ఆ బుద్ధే కొంప ముంచింది. పురుగు దిగింది, మానంతా నల్లగా అయిపొయ్యింది. రోశయ్య అడిగినాడు, వదినా, దిగినట్టుందే, కాలుద్దామా అని. లేదబ్బయ్యా, ఇంకా పైనే ఉండాయి, రెండు దినాలాగు అని అబద్ధం చెప్పింది. రెండు దినాలు.

రోశయ్య కోడలు రవణమ్మ అప్పుడు పచ్చి బాలింత. నలభై దినాల ఆడబిడ్డ. పంచలో దూలానికి చీరతో ఉయ్యాల కట్టి బిడ్డని పండబెట్టి, ఆమె లోపల కూడు తింటా ఉండాది. గోడ దాటిన పురుగు దూలమెక్కింది, ఉయ్యాల తాటి మీదుగా దిగింది. బిడ్డ కెవ్వుమనింది. రవణమ్మ పరిగెత్తుకొచ్చి చూస్తే బిడ్డ మెడ మీద ఒకటి, బుగ్గ మీద ఒకటి. లాగి పారేసింది గానీ ఆ బొచ్చు ఊరుకుంటాదా, ఘడియలో ముఖమంతా పొంగిపొయ్యి ఒక కన్ను మూసుకుపొయ్యింది. ఆ ఏడుపు వీధి వీధంతా వినపడింది. చెంచమ్మకీ వినపడింది. వచ్చి పంచ కింద నిలబడి ఆ బిడ్డ ముఖం చూసిందంట. చూసి తన ఇంటికి పొయ్యి చెట్టు కాడ నిలబడింది.

ఆ పొద్దు ఆమె వాకిట్లోకి వచ్చినంత మంది ముందెప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు. వీధంతా వచ్చింది. రోశయ్య చేతిలో ఈసారి దివిటీ లేదు, గొడ్డలి ఉండాది. వదినా, అన్న నాటిన చెట్టని ఇన్నేళ్ళు ఓర్చుకున్నాం, ఇంక ఓర్చుకునేది లేదు, ఈ చెట్టు పాడు చెట్టు అన్నాడు. చెంచమ్మ గమ్మున ఉండుంటే సరిపొయ్యేది, చూడండి. చెట్టుదే తప్పని అందరూ అనుకునేవోళ్ళు. ఆమె ఉండలేకపొయ్యింది. చెట్టుని పాడు చెట్టనబాకబ్బయ్యా, మీ అన్న నాటిందిరా అది, చెట్టుదేం తప్పులేదు, తప్పు నాది అనింది. నీది తప్పేంది అన్నాడు రోశయ్య. గుడ్లు పెట్టింది ప్రతి ఏడూ నేను చూస్తానే ఉండా, గీకెయ్యకుండా వొదిలేస్తా ఉండా, దీపం పెట్టి పిలిచినా, మొన్న నువ్వడిగితే ఇంకా దిగలేదని అబద్ధం చెప్పినా అనింది. జనానికి ఏం అర్థం కాలా. ఎందుకు వదినా, మేం నీకేం చేసినాం అన్నాడు రోశయ్య. మీరేం చెయ్యలేదు నాయనా, అవొస్తే మీరొస్తారని, అంతే అనింది చెంచమ్మ.

అంతలో రవణమ్మ బిడ్డనెత్తుకొని జనాన్ని తోసుకుంటా వచ్చింది. బిడ్డ తల్లి గదా, ఆమె ఊరుకుంటాదా? పురుగుల్తో కబురు పెట్టాల్నా పెద్దత్తా? నోటితో ఒక్క మాట పిలిస్తే మేం రామా? అని అరిచింది. అప్పుడు చెంచమ్మ ఏమనిందంటే, ఏమని పిలిచేది తల్లీ? పెళ్ళా పేరంటమా, ఏమని పిలిచేది? ఏ పనీ లేదు, ఊరికే రండి అని పిలవాలంటే, ఆ పిలిచేదానికి కూడా ఒక మంచి మొహం ఉండాల గదమ్మా, నాకు యాడుండాది? అనింది.

కొట్టెయ్ రోశయ్యా అని ఆమే చెప్పిందంట. ముందర పురుగుని కాల్చినారు, తర్వాత చెట్టుని కొట్టినారు. గోటితో పొయ్యేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. మునగ మెత్తటి మాను, ఎంతసేపు, నాలుగు దెబ్బల్లో పడిపొయ్యింది. మునగకొమ్మ గుచ్చితే యాడైనా బతుకుతాది గదా, అంత మంచి కాయ కాసిన చెట్టు పోనిస్తారా, తలా ఒక కొమ్మ ఎత్తుకొని పొయ్యి ఎవురి దొడ్లో వాళ్ళు గుచ్చుకున్నారు, పదకొండు ఇళ్ళోళ్ళు. చెంచమ్మని ఎవురూ అడగలా, ఆమే వద్దనలా. అందరూ పొయ్యినాక తిన్నె మీద కూర్చునింది. ఇన్నేళ్ళూ ఆ చెట్టు అడ్డం ఉండేది, ఇప్పుడు కూర్చున్న చోటినించి వీధంతా కనపడతా ఉండాది. వీధిలో మనుషులు లేరు.

బిడ్డకేం కాలేదు, భయపడబాకండి. ఆముదం పూసినారు, నాలుగో దినానికి వాపు దిగింది, కన్ను తెరిచింది. ఆ నాలుగు దినాలూ చెంచమ్మ పొద్దునా సాయంత్రం రోశయ్య ఇంటి గేటు దాకా పొయ్యేదంట. బిడ్డ పాలు తాగిందా అని అడిగేది, తాగింది అంటే తిరిగొచ్చేది. లోపలికి రా అని వాళ్ళూ అనలా, ఆమే పోలా.

మరుసటేడు వానలు పడినాయి. చెంచమ్మకి ఇంక చెట్టు లేదు, నిచ్చెనతో పనిలేదు. అయినా మూడోనాడు తెల్లారకముందే మెలకువ వచ్చేసిందంట. లేచి కూర్చునింది. కూర్చొని ఏమనుకునిందంటే, ఆ పదకొండు ఇళ్ళల్లో కొమ్మలు చిగురేసి ఉంటాయి, వాటికి గుడ్లు పెట్టుంటాది, వాళ్ళకేం తెలుసు, రోశయ్య ఇంట్లో బిడ్డ పాకతా ఉండాది. ఇంక ఆగలా. ఆముదం గిన్నె తీసుకొని పొయ్యి రోశయ్య దొడ్లో దూరింది. రవణమ్మ పేడనీళ్ళు చల్లేదానికి లేచి చూస్తే ఎవురో చెట్టు కాడ నిలబడుండారు. ఎవురది అంటే, నేనేనమ్మా, ఆకు చూసి పోదామని వచ్చినా అనింది చెంచమ్మ. రవణమ్మ దెగ్గరకొచ్చి చూసింది. ఇదుగో, ఈ అడుగున చూడు, గసగసాల మాదిరి ఉండాయే, ఇవీ, ఇట్ట గోటితో గీకెయ్యాల అని చూపించింది చెంచమ్మ. పదకొండు ఇళ్ళూ తిరిగింది ఆ పొద్దు. మొదటేడు కొందరు ముఖం తిప్పుకున్నారు. రెండో ఏడు, వచ్చినావా రా అన్నారు. మూడో ఏడు ఒకరు మజ్జిగ, ఒకరు ఇంత సంగటి పెట్టినారు. రవణమ్మ అయితే బిడ్డని ఒళ్ళో కూర్చోబెట్టేది. ఆ వీధిలో మళ్ళా పురుగన్నది లేదు.

కథ ఇక్కడ అయిపోతే బాగుండు. మా అమ్మ నాకు చెప్పేప్పుడు ఈడికే ఆపేసేది, నేను పెద్దయినాక గానీ మిగతాది చెప్పలా. మిగతాది ఏందంటే, ఆమె అందరిళ్ళకీ పోతా ఉండాది గానీ, ఆమె ఇంటికి ఎవురూ పోవడం లేదు. చెడ్డతనంతో కాదులే. ఆమే వస్తా ఉండాది గదా, మళ్ళా మనం పొయ్యేదెందుకు అని. చెట్టు కూడా లేదాయె. రవణమ్మ ఒకసారి అనిందంట, పెద్దత్తా, నువ్వే తిరగతా ఉండావు, ఒకసారి మమ్మల్నీ పిలువు, పురుగు లేకుండా పిలిచి చూడు, వస్తామో రామో అని. పిలస్తాలేమ్మే, ఈ ఏడు కాదు, వచ్చే ఏడు అనేది చెంచమ్మ. ఆ వచ్చే ఏడు ఏడేళ్ళు పొడుగైంది.

ఒక ఏడు వానలు పడినాయి. రెండోనాడు సాయంత్రం వాన తెరిపిచ్చింది. మూడోనాడు తెల్లారింది, చెంచమ్మ రాలా. ఎండొచ్చింది, రాలా. రవణమ్మ తనే చెట్టు కాడికి పొయ్యి రెమ్మ తిప్పి చూస్తే గుడ్లు ఉండాయి. అప్పుడు తట్టింది ఆమెకి, పెద్దత్త ఈ టయానికి వచ్చి పొయ్యుండాలే అని. చేతిలో రెమ్మ అట్టానే తుంచుకొని పరిగెత్తింది, చూసినోళ్ళు ఆమె వెనకాలే పొయ్యినారు. తలుపు దెగ్గరికి వేసుండాది. చెంచమ్మ చాప మీద ఒక పక్కకి తిరిగి పడుకొని ఉండాది, ఒళ్ళు చల్లబడిపొయ్యింది. నిద్దరలోనే. నొప్పి పడినట్టు లేదు. వంటింట్లోకి పొయ్యి చూస్తే పెద్ద గుండిగలో బియ్యం నానబోసుండాయి, ఇంకో దాంట్లో మినపప్పు. ఒక్క మనిషికి అంత బియ్యమెందుకు? తిన్నె మీద గ్లాసులన్నీ తళతళా తోమి వరసగా బోర్లించి ఉండాయి. రోశయ్య అప్పటికి ముసలోడు, ఆ గ్లాసులు చూసి వాటి పక్కన తిన్నె మీద కూర్చున్నాడంట.

రవణమ్మ అప్పుడు చెప్పింది. నిన్న సాయంత్రం పెద్దత్త మా గేటు కాడికొచ్చి నిలబడింది, అమ్మే, రేపూ అనింది. రేపేంది పెద్దత్తా అన్నా. ఏం లేదు, రేపు మళ్ళా వానొస్తాదేమో, ఆరేసిన గుడ్డలు లోపలేసుకో అని చెప్పి పొయ్యింది అని. అది విని పక్కింటామె, అయ్యో, మా ఇంటికాడికీ వచ్చింది, మాకూ వాన సంగతే చెప్పింది అనింది. మా ఇంటికీ వచ్చింది అన్నారు ఇంకొకరు. పదకొండు ఇళ్ళ ముందరా నిలబడిందంట. పదకొండు ఇళ్ళ ముందరా రేపూ అని మొదలుపెట్టి, వానొస్తాదేమో అని తిరిగొచ్చేసింది. రేపు మా ఇంటికి దోసెలకి రండి అనే మాట ఒక్క చోట కూడా నోట్లోంచి రాలా. అందర్నీ పిలవకుండానే ఇంటికొచ్చి, పిలిచినట్టే బియ్యం నానబోసుకునింది. ఊళ్ళో వాళ్ళు ఎప్పుడొచ్చినారు? మళ్ళా గుడ్లు కనపడినాకనే వచ్చినారు. ఆ బియ్యం ఏం చేసినారని అడగబాకండి, నాకు తెలీదు, మా అమ్మ చెప్పలా.

ఏందే, ఆకు దూయడం అయిపొయ్యిందా? చేటలో ఇంతేనా? మీ వంక చూస్తే నాకు నవ్వొస్తా ఉండాది. ఇంతాకు మా అమ్మ ఎసరు కాగేలోపల ఒక్కతే దూసి పారేసేది. నేను మాత్రం దూసుకోలేనా? నాకు చేతులు లేవా? అయిదుమందిని పిలిచి, మధ్యాన్నం నించి కూర్చోబెట్టి... సరే పోండి, పొద్దుగూకతా ఉండాది, మీ పొయ్యిలు చల్లగా ఉంటే మీ మొగుళ్ళు నన్ను తిడతారు. తలా ఒక పిడికెడు ఆకు ఎత్తుకొని పోండి. నాకెందుకు అంత, నేనొక్కదాన్ని ఎంత తింటా. మే వనజా, ఆగు. రేపు దూసేదానికి ఆకేం లేదు. చింతపండు పిక్కలు తీసేది లేదు, వడియాలు పెట్టేది లేదు, ఏ పనీ లేదు. రేపు ఊరికే రండి.